పినపాక వాగులో నాకు దొరికిన కోట్ల ఏళ్ళ శిల

వాగు మీద కల్వర్టుకు సాయం చేయబోయి, నిండు హాల్లో నా పరువును నేనే పూడ్చుకున్న కథ ఇది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతున్నారు.

అప్పట్లో నేను రాళ్ళ మీద పరిశోధన చేస్తున్నాను. నేలకింద రాయి ఎంత బరువు మోస్తుంది, పైన పునాది ఎంత కుంగుతుంది అని కంప్యూటర్లో లెక్కకట్టడం నా పని. పినపాక అవతల అడవి అంచున ఒక గూడేనికి ప్రతి వానాకాలం దారి తెగిపోయేది. అక్కడ కొత్త కల్వర్టు కడుతున్నారు, కింద రాయి ఎలా ఉందో చూసి రమ్మని మా గైడ్ మేడం పంపింది.

డ్రిల్లింగ్ మిషన్ ఖమ్మం యాకూబ్ భాయ్‌ది. ఎక్కడ దింపినా బంకమట్టే వచ్చింది.

"మొగులైంది మేడం, వానొచ్చేటట్టుంది, జల్దీ సర్దుకుందాం."

"రాయి దొరకందే నేను కదల భాయ్."

మిషన్‌ను వాగు ఒడ్డుకు జరిపించాను. కాసేపటికి అది గుర్రుమంది. పైకి తీస్తే బూడిదరంగు రాతి ముక్కలు, నిండా గులకరాళ్ళు.

"ఏంది మేడం ఇది?"

"గులకరాళ్ళు కోట్ల ఏండ్లు అతుక్కుంటే గిట్ల శిలయితది భాయ్."

"అవ్, మస్తు గట్టిగుంది. నా డ్రిల్లు బిట్ అరిగింది" అని భక్తిగా ఒక ముక్క తీసుకున్నాడు.

మిగతావి తేమ ఆరిపోకుండా తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. కండక్టర్ తొంగిచూసి, "పాపకు జర గాలాడనియ్యమ్మా" అన్నాడు.

ల్యాబులో నొక్కి చూస్తే గట్టిదే. కంప్యూటర్లో పునాది వెంట్రుకవాసి కూడా కుంగలేదు. సెమినార్లో గర్వంగా చెప్పాను. బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్ ఒక ముక్కను తిప్పి చూశారు.

"ఈ మెరిసేదేంటమ్మా?"

"ఇనుప ఖనిజం సార్."

"మెలికలు తిరిగి ఉందే. ఈ రకం ఖనిజం మా ఇంటి స్లాబులో కూడా ఉంది."

హాలంతా ఘొల్లుమంది. నేనింకా మొండిగా, "ప్రకృతిలో ఒక్కోసారి..." అని మొదలుపెట్టాను.

"కూర్చో మెర్సీ" అంది మా గైడ్ మేడం.

కూర్చున్నాను గానీ ఊరుకోలేదు. సాయంత్రమే యాకూబ్ భాయ్‌కి ఫోన్ చేశాను. "భాయ్, మళ్ళీ పోవాలె. అది శిల కాదు, కాంక్రీటు."

"మా షోకేసుల పెట్టిన మేడం. చుట్టాలందరికీ చూపించిన" అన్నాడు.

మళ్ళీ అదే గుంతలో దింపాం. కాంక్రీటు దాటగానే మెత్తటి బంకమట్టి. పక్కన నిలబడి చూస్తున్న గూడెం మనిషి ఒకామె, "వరదకు పోయిన పాత కల్వర్టు పునాది అది. ఎట్ల పోయిందో చూడనీకి వచ్చిండ్రనుకున్న" అంది.

నాకు నవ్వు రాలేదు. నా లెక్క నమ్మి ఉంటే కొత్తది కూడా ఆ మట్టిమీదే కూర్చునేది, ఆమె మళ్ళీ నడుంలోతు నీళ్ళలో వాగు దాటేది. తుంపర్లలో తడుస్తూనే పక్కకు జరిపి దింపించాం. బాగా లోతుకు పోయాక ఎర్రటి ఇసుకరాయి తగిలింది. ఈసారి ఇనుము లేదు. లెక్క మొదటినుంచి మళ్ళీ చేశాను. పునాది అక్కడిదాకా దించారు. తర్వాతి వరదకు కల్వర్టు నిలిచింది, దారి తెగలేదు.

అందుకని మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ రాయికైనా కోట్ల ఏళ్ళ వయసు కట్టేముందు, దాన్ని పోసిన మేస్త్రీ ఇంకా బతికే ఉన్నాడేమో కనుక్కుంటాను.