అనుమానించడం నేర్పిన నలభై రెండు రోజులు

మా వన్ టన్ను బండి గద్వాలలో ఆగేసరికి పగలు పదకొండు ఇరవై. జులై నెల. మబ్బు ఉంది, వాన లేదు. సికింద్రాబాద్‌లో ఉదయం ఐదింటికి బయల్దేరాం. బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటేటప్పుడు డ్రైవర్ బండి నెమ్మది చేశాడు. నదిలో నీళ్ళకంటే రాళ్ళే ఎక్కువ కనిపించాయి.

మేం నలుగురం. మేజర్, ఆయన డాక్టర్. ల్యాబ్ చూసే నాయక్, అది ర్యాంకు పేరు, పంజాబు మనిషి. డ్రైవర్, రేడియో కూడా అతని పనే. నేను నర్సింగ్ అసిస్టెంట్‌ను, హవల్దార్‌ను. తెలుగు వచ్చింది నాకొక్కడికే, అందుకే నన్ను ఎంచుకున్నారు. మా ఊరు వడ్డేపల్లి పక్కన. గద్వాల నుంచి బస్సెక్కితే గంటన్నర. డ్యూటీ అయ్యేదాకా ఇంటికి వెళ్ళడానికి అనుమతి లేదు.

ఉత్తరాన ఒక నగరంలో ప్లేగు వచ్చిందని దేశమంతా ముక్కుకు గుడ్డ కట్టుకున్న మరుసటి ఏడాది అది. శత్రువు ఎప్పుడైనా రోగాన్నే ఆయుధంగా వదిలితే దాన్ని ముందు చూసేది సైనికుడు కాదు, చిన్న ఊరి దవాఖానలో చీటీ రాసే మనిషి అని పైవాళ్ళకు తోచింది. ఆర్డరు అదే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. ఒక్కో ఊళ్ళో పద్నాలుగు రోజులు. డాక్టర్లకు, నర్సులకు, కాంపౌండర్లకు తరగతులు.

సామాను నా లెక్కలో ఉండేది. రబ్బరు చేతితొడుగులు, గుడ్డ మాస్కులు, ప్లాస్టిక్ గౌన్లు, మోకాలి బూట్లు, బ్లీచింగ్ పౌడర్ డబ్బాలు, తాళం వేసే నమూనా పెట్టెలు మూడు, ఒక మైక్రోస్కోపు, పుండ్ల బొమ్మలున్న పెద్ద చార్టులు. రోజూ ఎనిమిదింటికి తరగతి మొదలు. మేజర్ ఇంగ్లీషులో చెప్పేవాడు, నేను తెలుగులో చెప్పేవాణ్ణి. ఒకే ఊళ్ళో ఒకే వారంలో ఒకే జబ్బుతో పలువురు వస్తే అనుమానించండి. కాలం కాని కాలంలో వచ్చిన జబ్బును అనుమానించండి. ఆ చుట్టుపక్కల ఎన్నడూ చూడనిది కనిపిస్తే అనుమానించండి. ముందు మీ చేతులు, ముఖం కప్పుకోండి. రోగిని వేరే గదిలో పెట్టండి. కబురు పంపండి. ఆలోచన ఆ తర్వాత.

గద్వాలలో మమ్మల్నే అనుమానించారు. ఏదో మందు గాలిలో చల్లి చూడడానికి మిలిటరీ వచ్చిందని మూడో రోజుకే ఊరంతా పాకింది. తరగతికి వచ్చిన నర్సులు మేం ఇచ్చిన చాయ్ తాగేవాళ్ళు కాదు. డ్రైవర్ తన భార్యకు చీర కొందామని నన్ను వెంటబెట్టుకుని ఒక నేతగాడి ఇంటికి వెళ్ళాడు. ఆయన మగ్గం దిగి వచ్చి గడపలోనే మమ్మల్ని ఆపాడు. మందు పట్టిన చేతులతో పట్టు ముట్టుకోవద్దని మర్యాదగానే చెప్పాడు. డ్రైవర్‌కు భాష రాదు. ఏమన్నాడని అడిగితే, చీరలు అయిపోయాయట అని అబద్ధం చెప్పాను.

వనపర్తిలో మార్తమ్మ మా తరగతికి వచ్చింది. యాభై దాటిన స్టాఫ్ నర్సు. చిన్న మనిషి. మొదటి వరుసలో కూర్చుని పిల్లల నోటుబుక్కులో అన్నీ రాసుకునేది. రెండో రోజు లేచి, రోగం దానంతటదే వచ్చిందో, ఎవరైనా తెచ్చారో నర్సుకు ఎలా తెలుస్తుందని అడిగింది. తెలుసుకోవడం మీ పని కాదు, అనుమానించడమే మీ పని అన్నాడు మేజర్. నేను అలాగే చెప్పాను. ఆమె ఆ మాట రాసుకోలేదు. పెన్ను మూత పెట్టింది.

గౌనూ బూటూ తొడిగే డ్రిల్లు మగవాళ్ళ ముందు చేయడానికి నర్సులు సిగ్గుపడేవాళ్ళు. మార్తమ్మ నాలుగు నిమిషాల్లో తొడిగి, నాలుగు నిమిషాల్లో బయటి వైపు ముట్టుకోకుండా విప్పేది. మేజర్ ఆమె పనిచేసే దవాఖాన డాక్టరును అడిగి, మాతో పాటు నాగర్‌కర్నూల్‌కు కూడా తీసుకొచ్చాడు.

నాగర్‌కర్నూల్‌లో ఐదో రోజు, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. తరగతిలో ఉండగానే బయట జీపు ఆగింది. ఉప్పునుంతల అవతల ఒక గొల్లగూడెం నుంచి ముగ్గుర్ని తెచ్చారు. ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడమనిషి. ముగ్గురికీ ముంజేతుల మీద పుండ్లు. నడుమ బొగ్గులా నలుపు, చుట్టూ వాపు. నా వెనక గోడకు వేలాడుతున్న చార్టులో మూడో బొమ్మ అదే.

డ్రిల్లు నిజమైంది. ముగ్గుర్నీ వేరే గదిలో పెట్టాం. పెన్సిలిన్ వెంటనే మొదలైంది. నాయక్ గంటన్నరసేపు మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తలేదు. ఎత్తాక ఒకే మాట అన్నాడు, ఆంత్రాక్స్ అని. పొడిగా చేసి చల్లగలిగే రోగమది. మేజర్ ముఖం బిగుసుకుంది. మేం వచ్చిన జిల్లాలో, మేం పాఠం చెబుతున్న వారంలో, మేం చెబుతున్న జబ్బే. ఎవరో మా కోసం వదిలారని ఆయనకు అనిపించింది. అబద్ధమెందుకు, నాకూ అనిపించింది.

పన్నెండున్నరకు బయల్దేరి రెండింటికి గూడెం చేరాం. మార్తమ్మ రోగుల దగ్గర ఉండిపోయింది. ఉప్పునుంతల దాటాక ఏడు కిలోమీటర్లు ఎర్రమట్టి బాట. ఇరవై ఇళ్ళు, ఒక బడి గది, ఒక చేదబావి. మాస్కులు, గౌన్లతో బండి దిగిన మమ్మల్ని చూసి ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు వేసుకున్నారు. పెద్దమనిషి బాలయ్య ఒక్కడే ఎదురొచ్చాడు. గూడెంలో ఏం మారిందని అడిగాను.

"ఏం మారలే సార్. పరాయోడు ఒకడు సైకిల్ మీద వచ్చిండు. సంచిల తెల్ల పొడి ఉండె. ఎవ్వడో తెల్వదు."

ఆ మాట మేజర్‌కు తర్జుమా చేశాను. సాయంత్రం నాలుగు నలభైకి మాతో వచ్చిన కానిస్టేబుల్ పక్క ఊళ్ళో ఆ సైకిలు మనిషిని పట్టుకొచ్చాడు. నలభై ఏళ్ళు ఉంటాయి. పేరు హుసేనప్ప. సైకిలుకు వెనక ఖాళీ గోనెసంచి, ముందు గుడ్డ సంచి. గుడ్డ సంచిలో తెల్ల పొడి, రెండు కిలోల దాకా.

హుసేన్ ఏమిటి, అప్ప ఏమిటి, ఇది దొంగ పేరు అన్నాడు మేజర్. మా వైపు పీర్లకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు పెట్టే పేరు అది. నాతో బళ్ళో చదివినవాళ్ళలో ఇద్దరు హుసేనప్పలు ఉన్నారు. అతని మాట కూడా మా వైపుదే, సగం కన్నడం కలిసిన మాట. మా అమ్మ పుట్టింటివాళ్ళు అలాగే మాట్లాడతారు. ఈ సంగతులేవీ నేను మేజర్‌కు చెప్పలేదు. మీ ఊరివాడని వెనకేసుకొస్తున్నావా అంటాడని భయం.

తోళ్ళు కొనేవాణ్ణని చెప్పాడు హుసేనప్ప. ఆ పొడి ఉప్పేనన్నాడు. నేను నమ్మనట్టు చూశానేమో, సంచిలో వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు. అరచేతిలో ఇంత పోసుకుని నా వైపు చాపాడు.

"ఉప్పే సార్. జర నాకి చూడుండ్రి."

నేను రెండడుగులు వెనక్కి వేశాను. పచ్చి తోలుకు ఉప్పు రుద్దడం నేను చిన్నప్పుడు కళ్ళారా చూసినవాణ్ణి. అయినా వెనక్కి వేశాను.

జేబులన్నీ ఖాళీ చేయించి చూసి అతన్ని బడి గదిలో ఉంచారు. పొడిని నమూనా పెట్టెలో పెట్టి తాళం వేశాం. ఆరు ఐదుకు డ్రైవర్ రేడియో తీశాడు.

"అనుమానితుడు ఒకరు. పొడి స్వాధీనం. ఓవర్."

"ఎక్కడికీ పంపకండి. పెద్దవాళ్ళు వస్తున్నారు. ఓవర్."

రెండు రోజులు గడిచాయి. పెద్దవాళ్ళు రాలేదు. బావికి కాపలా పెట్టాం. గూడెం మా మీద ఒక కన్ను, బడి గది మీద ఒక కన్ను వేసి ఉంచింది. నేను పూటకోసారి రొట్టె, నీళ్ళు గడపలో పెట్టి దూరం జరిగేవాణ్ణి. అతను గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఎండ మండుతున్నా మెడకు తువ్వాలు చుట్టుకునే ఉండేవాడు. మొదటి రోజు, యాకన్నా నన్ను ఇట్ల కూసోపెట్టిండ్రు అని అడిగాడు. యాక అంటే మా వైపు ఎందుకని. రెండో రోజు ఏమీ అడగలేదు, రొట్టె ముట్టలేదు. ఆ సాయంత్రం నా డ్యూటీ నోటుబుక్కులో రాసిన వాక్యం ఇప్పటికీ అక్షరం తప్పకుండా చెప్పగలను. "తువ్వాలు తీయడం లేదు. మెడ దగ్గర ఏదో దాస్తున్నట్టుంది."

మూడో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి మార్తమ్మ మందుల పెట్టెతో గూడేనికి వచ్చింది. దవాఖానలో ముగ్గురికీ జ్వరం తగ్గిందని చెప్పింది. మేజర్ ఇంటింటికీ తిరిగి పుండ్లు చూడమన్నాడు. ఆమె మాస్కు మెడకు దించుకుని బాలయ్య ఇంటి ముందు అరుగు మీద కూర్చుంది. లోపలున్న కోడలిని నీళ్ళడిగింది. ఇచ్చిన నీళ్ళు తాగింది. మేం వచ్చిన మూడు రోజుల్లో మాలో ఆ గూడెంలో చెంబెడు నీళ్ళు తాగిన మొదటి మనిషి ఆమే. కాసేపు గొర్ల గురించి, మేత గురించి మాట్లాడింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ తర్వాత మెల్లగా అడిగింది.

"ఈ పదిహేను దినాల మీ తాన ఏమేం సచ్చినయి బిడ్డ?"

కోడలు మామ వైపు చూసింది. బాలయ్య తల దించుకున్నాడు. చివరికి ఆయనే చెప్పాడు. పదకొండు గొర్లు చచ్చాయి. నిలబడినవి నిలబడినట్టే పడిపోయాయి, ముక్కుల్లోంచి నల్లటి రక్తం వచ్చింది. కోసుకుని తిన్నారు. కోసిన ముగ్గురే దవాఖానకు వచ్చిన ముగ్గురు. మిలిటరీవాళ్ళు మందనంతా కాల్చేస్తారని ఎవరో చెప్పారట. నాలుగు వందల గొర్లు. అందుకే నోరు విప్పలేదు. అడిగితే పరాయివాణ్ణి చూపించారు.

"తోళ్ళు ఎవరికి అమ్మిండ్రు?" అంది మార్తమ్మ.

"ఆ సైకిలాయనకే తల్లీ."

ఆమె లేచింది. నా వైపు చూడలేదు. చేతితొడుగులు వేసుకుంటూనే బడి వైపు నడిచింది. నేను వెనకే పరుగెత్తాను. హుసేనప్ప కూర్చునే ఉన్నాడు కానీ తల ఒక పక్కకు వాలి ఉంది. గొంతులోంచి గుర్రుమని శబ్దం. ఆమె తువ్వాలు విప్పింది. మెడ, దవడ కలిసిపోయి ఛాతీ దాకా వాపు దిగింది. చెవి కింద పావలా బిళ్ళంత నల్లటి పుండు. తోళ్ళు భుజాన వేసుకుని మోశాడు.

ఇంత దాకా ఎందుకు చెప్పలేదని అడిగింది.

"నొయ్యలేదు తల్లీ. సెప్తె ఇంకొక నేరం పెడ్తరనుకున్న."

ఆ పుండు నొప్పి పెట్టదని పాఠం చెప్పింది నేనే. మూడు ఊళ్ళలో, ఎన్నోసార్లు.

అక్కడే సూది వేసి ఒంటిగంట యాభైకి బండెక్కించాం. పాలమూరు పెద్ద దవాఖానకు. కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా నాలుగు గంటలు. మార్తమ్మ బండి నేల మీద కూర్చుని, అతనికి ఊపిరి ఆడేలా తలను రెండు చేతుల మధ్య పట్టుకుని దారంతా కదల్లేదు. గుంతల్లో బండి ఎగిరిపడ్డప్పుడు ఆమె మోచేతులు ఇనుప పలకకు కొట్టుకునేవి. నేను పక్కన కూర్చుని అతని నాడి లెక్కపెట్టాను. దవాఖాన గేటు దగ్గర ఆమె నాతో ఒకే మాట అంది.

"మీకు పుండు తెలుసు సార్. మనిషినే అడుగుతలేరు."

మేజర్ చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రం రిపోర్టు తెప్పించుకుని "అనుమానితుడు" అన్న ప్రతిచోటా కొట్టేసి, తన చేత్తో "రోగి" అని రాసి, పక్కన సంతకం పెట్టాడు. పశువుల డాక్టర్లు వచ్చారు. చచ్చిన వాటిని కోయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చడం చూపించారు, మిగిలిన మందకు టీకాలు వేశారు. ఏ గొర్రెనూ కాల్చలేదు. నాగర్‌కర్నూల్‌లో మిగిలిన తరగతులు మార్తమ్మే చెప్పింది. చార్టు విప్పకముందే, రోగి ఏ పని చేస్తాడో, ఇంటి దగ్గర ఏ జీవం చచ్చిందో అడగమనేది. మేజర్ వెనక బెంచీలో కూర్చుని నన్ను తర్జుమా చేయమనేవాడు.

నలభై రెండో రోజు సామాను లెక్క చూసి, ఉదయం ఆరున్నరకు తిరుగు ప్రయాణమయ్యాం. పాలమూరులో బండి ఇరవై నిమిషాలు ఆపమని మేజర్‌ను అడిగాను. ఆయన కారణం అడగలేదు.

హుసేనప్ప బతికాడు. వార్డులో కిటికీ పక్క మంచం. వాపు తీసింది, మెడ మీద నల్లటి పక్కు ఇంకా ఉంది. అతని భార్య గంజి తాగిస్తోంది. నేను మామూలు చొక్కాలో ఉన్నాను. మాస్కు లేదు, తొడుగులు లేవు. మా వైపు మాటలోనే మాట్లాడాలని, తప్పైందని చెప్పాలని వచ్చాను.

అతను నన్ను చూశాడు. గంజి గిన్నెను చేత్తో పక్కకు జరిపాడు. మంచం దిగి నిలబడ్డాడు. అతను చొక్కా జేబులోంచి బీడీ కట్ట తీసి దుప్పటి మీద పెట్టాడు. అగ్గిపెట్టె పెట్టాడు. మడిచిన దవాఖాన చీటీ పెట్టాడు. ఆ తర్వాత ఖాళీ జేబును బయటికి లాగి, నాకు బాగా కనబడేలా వెలుతురుకు పట్టుకుని నిలబడ్డాడు.