వగియెం పెద్దమ్మ ఎవర్నీ నమ్మదు

వగియెం పెద్దమ్మ ఎవర్నీ నమ్మదు. తెల్లారిందని చెప్పినా గుమ్మంలోకి వచ్చి ఆకాశం చూసుకుని గానీ ఒప్పుకోదు. ఎవరు ఏ వార్త మోసుకొచ్చినా మణికట్టు పట్టుకుని "పద, చూపించు" అంటుంది. ఇండోనేషియాలో సోలో నగరంలోని మా సందులో ఆమె వెనక చెప్పుల్లేకుండా పరిగెత్తనివాళ్లు లేరు.

ఆమె టెంపే చేసి అమ్ముతుంది. సోయా గింజల్ని అరటాకులో కట్టి పులియబెట్టే ఆ బిళ్లల్ని మురికినీళ్లతో చేస్తోందని ఒకసారి మా సందు ఫోన్ గ్రూపులో ఎవరో రాశారు. కింద ఒక మురుగుకాలువ ఫొటో. అది మా కాలువ కూడా కాదు. అయినా నెలల తరబడి ఎవరూ కొనలేదు. పెద్దమ్మ పల్లెత్తు మాట అనలేదు. మిగిలిందంతా తనే వేయించుకు తిని ఒళ్లు చేసింది.

"ఎవరు రాశారో అడగవేం పెద్దమ్మా?" అన్నాను ఉండబట్టలేక.

"అడిగితే ఎవరిదో ఒక పేరు చెబుతారు. అది నిజమని నేనెలా నమ్మేది?"

ఆ మధ్య సందు పెద్ద జుమాది మీటింగు పెట్టి, పిల్లల్ని సోషల్ మీడియాకి దూరంగా ఉంచాలన్నాడు.

"ఏది సోషల్ మీడియా?" అంది పెద్దమ్మ.

"అదే, వీడియోలూ అవీ పెడతారే..."

"మరి మన గ్రూపు?"

"అబ్బే, అవి ఉత్త కబుర్లు పెద్దమ్మా!"

"కూరగాయల బండి దగ్గర చెప్పుకునేవి కబుర్లు. అక్కడ అబద్ధమాడినామె మర్నాడు నా మొహం చూడాలి. ఫోన్లో మొహమేదీ?"

"ఫొటో ఉంటుంది కదా!"

"నీ ఫొటోలో జుట్టుంది. పద, చూపించు."

జుమాది బట్టతల మీద టోపీ సర్దుకున్నాడు. మీటింగు అంతటితో ముగిసింది.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం గ్రూపులో పిడుగు పడింది: 'బెలూన్లవాడు పిల్లల్ని ఎత్తుకుపోతున్నాడు. పక్క సందులో పాప మాయం.' సరిగ్గా అప్పుడే బెలూన్లమ్మే ముజియొనో తన కట్టతో మా సందులో అడుగుపెట్టాడు. కావలి పాక దగ్గర వెదురుబొంగు దడదడా మోగింది. ఆ మోత వింటే చేతిలో పని వదిలేసి రావాలి, అది మా రివాజు. అందరూ వచ్చారు, కొందరు కర్రలతో. ఎవరో అతని కాలరు పట్టుకున్నారు. ఒక బెలూను ఠప్పుమంది. వీరులంతా ఒక్క గెంతు వెనక్కి గెంతారు.

తడిచేతులతో పెద్దమ్మ వచ్చింది.

"వీడే దొంగ పెద్దమ్మా!"

"నేన్నమ్మను."

ముజియొనోకి ప్రాణం లేచొచ్చింది. "నేను దొంగని కాదమ్మా!"

"నిన్నూ నమ్మను. నోర్మూసుకుని నిలబడు. ఇంతకీ పాప పేరేంటి?"

అందరూ ఫోన్లు తీసి పేరు కోసం వెతికారు.

"తల్లెవరు?"

"పక్క సందని..." నసిగాడు జుమాది.

"పక్క సందేమైనా సముద్రం అవతలుందా? పద, చూపించు."

ఒక చేత్తో జుమాదినీ ఇంకో చేత్తో ముజియొనోనీ పట్టుకుని ఆమె ముందు నడిచింది. కర్రలతో సహా మేమంతా వెనక. ప్రతి తలుపూ తట్టింది. స్నానం చేస్తున్నవాళ్లని సబ్బునురగతోనే బయటికి రప్పించింది. పిల్లలెవరూ తగ్గలేదు సరిగదా, ఒకింట్లో అన్నానికొచ్చిన పొరుగింటి పాప ఎక్కువ తేలింది.

"మాయమైంది మీ సందులో కదండీ?" అందా ఇంటావిడ. "మా గ్రూపులో అలాగే వచ్చింది!"

కర్రలు వీపుల వెనక్కి వెళ్లాయి.

మర్నాటి నుంచి ముజియొనో మా సందులో తిరిగినంతసేపూ పెద్దమ్మ గొడుగు పట్టుకుని పక్కనే నడిచింది. మధ్యాహ్నం తన అరుగు మీద కూర్చోబెట్టి, అన్నంలో వేయించిన టెంపే వడ్డిస్తూ విచారణ చేసేది.

"ఊరేది?"

"బొయొలాలి."

"గట్టిగా చెప్పు, వినపడట్లేదు! పిల్లలెంతమంది?"

"ఇద్దరాడపిల్లలమ్మా!" అని అరిచేవాడు పాపం, నోట్లో ముద్దతో. చుట్టూ కిటికీలన్నీ వినేవి. పది రోజులు తిరక్కుండానే మా ఆడవాళ్లు "ముజియొనో, చిన్నదానికి జ్వరం తగ్గిందా?" అని అడగడం మొదలుపెట్టారు.

"ఇంకా అనుమానమేనా పెద్దమ్మా?" అన్నాను.

"అనుమానమే," అంది గొడుగు ముడుస్తూ. "అతని మీద కాదే, మీ మీద."

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. మీ వీధిలోకి వచ్చి అమ్ముకునేవాళ్ల పేరేమిటో ఇవాళే కనుక్కోండి. ఫోన్లో ఇలాంటి కబురొస్తే వేలు ఆపి, ఎవరి పాప అని పంపినవాళ్లనే అడగండి. జవాబు రాకపోతే లేచి వెళ్లి తలుపు తట్టండి. నా మాట కూడా నమ్మకండి, వెళ్లి చూడండి.