ఇంజన్ పెద్దన్నకు, ట్రాలీ చిన్నన్నకు

మొన్న కొత్తకోటలో హైవే పక్కన మైదానంలో పాత బండ్లు, పాత ట్రాక్టర్ల ప్రదర్శన పెట్టారని చిన్నన్న నన్ను వెంటబెట్టుకుని పోయాడు. కొత్త రంగులు వేసి, బంతిపూల దండలు కట్టి, పెళ్లికొడుకుల్లా నిలబెట్టిన ఆ ట్రాక్టర్ల ముందు జనం ఫోటోలు దిగుతుంటే, ఒకాయన ఇంజన్ ముందు వంగి ఇనుప హ్యాండిల్ దూర్చి గిర్రున తిప్పాడు. డబడబమని ఇంజన్ లేవగానే అందరూ చప్పట్లు కొట్టారు. డెబ్బై దాటిన మా చిన్నన్న మాత్రం రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని నా వెనక్కి జరిగాడు.

ఊళ్లో ఒక్క ట్రాక్టర్ ఉంటే చుట్టుపక్కల పల్లెలన్నీ దాని చుట్టే తిరిగిన రోజులు మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటాయి. మా ఊళ్లో ఆ ఒక్కటీ మాదే. నాయన పోయాక అన్నలిద్దరూ వేరుపడితే పొలం, ఎడ్లు, చివరికి ఇంటి దూలాలు కూడా చెరి సగమయ్యాయి గానీ ట్రాక్టర్‌ను కోయలేరు కదా. అప్పుడు మా ఊరి పెద్దమనుషులు, మహా తెలివైనవాళ్లు, ఇంజన్ పెద్దన్నకు, ట్రాలీ చిన్నన్నకు పంచారు. ఒకరి అవసరం ఒకరికి ఉంటే అన్నదమ్ములు కలిసే ఉంటారని వాళ్ల ఆలోచన. ఆ పంపకం చేసిన నోళ్లలో మన్ను పోయాలని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ ఏడు నేను పుట్టింట్లోనే ఉన్నాను. చిన్నన్న పల్లికాయ కల్లంలో కుప్ప పోసి ఉండగా గద్వాల దిక్కు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. వాన పడేలోపు పంట చేర్చుకోవాలని, ఇంజన్ ఇమ్మని అడగడానికి పోయిన చిన్నన్న వెంట నేనూ పోయాను. వాకిట్లో హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డ పెద్దన్న, ఏ పాత కోపం మనసులో ఉందో, “నీ ట్రాలీని నువ్వే గుంజుకపో, నా ఇంజన్ ముట్టుకుంటే కాళ్లిరుస్త” అన్నాడు.

“నాయన కొన్నది, నీ అత్తోళ్లిచ్చింది గాదు” అంటూ చిన్నన్న సీటెక్కబోయాడు.

పెద్దన్న అతని జుట్టు పట్టి కిందికి ఈడ్చాడు. ఇద్దరూ మట్టిలో పడి దొర్లారు. చిన్నన్న చేతికందిన రాయితో అన్న మూతి పగలగొట్టాడు. పళ్లు ఊడి నెత్తురు అంగీ నిండా కారింది. నేను మధ్యలో దూరితే గాజులు పగిలి నా మణికట్టులోనే దిగాయి. అప్పుడు పెద్దన్న లేచి తమ్ముడి మొహం మీదికి హ్యాండిల్ ఊపాడు. ఎముక విరిగిన ఆ చప్పుడు నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. చిన్నన్న అట్లాగే కూలబడిపోయాడు, ఎడమ కన్ను ఉండాల్సిన చోట నెత్తురు తప్ప ఏమీ కనపడలేదు.

పెద్దన్న ఒక్క క్షణం గుడ్లప్పగించి చూశాడు. తర్వాత అదే హ్యాండిల్‌ను, తడి కూడా తుడవకుండా ఇంజన్‌కు దూర్చి పిచ్చివాడిలా తిప్పాడు. ట్రాలీకి పిన్ను బిగించి తమ్ముణ్ని ఎత్తి పడుకోబెట్టాడు. వనపర్తి దవాఖాన దాకా వానలో చిన్నన్న తల నా ఒళ్లో ఉంది, ముందు నుంచి పెద్దన్న “సావకురా తమ్మీ, సావకురా” అని ఏడుస్తూనే ఉన్నాడు. ప్రాణం దక్కింది, కన్ను పోయింది. ఎట్లా తగిలిందని డాక్టరు అడిగితే, ఇంజన్ తిప్పుతుంటే హ్యాండిల్ ఎదురు తన్నిందని చిన్నన్నే చెప్పాడు.

ఆ తర్వాత పెద్దన్న బతికినన్నాళ్లు వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. కానీ పల్లికాయ పీకారంటే చాలు, ఎవరూ పిలవకుండానే పెద్దన్న ఇంజన్ తెచ్చి, ట్రాలీ తగిలించుకుని, పంటంతా మార్కెట్‌కు చేర్చి వెళ్లిపోయేవాడు. చనిపోయే ఏడు దాకా అట్లాగే వచ్చాడు.

ఇప్పుడు వాళ్ల కొడుకులకు ఎవరి ట్రాక్టర్ వాళ్లకుంది. కొట్టుకున్నదీ లేదు, ఒకరి వాకిట్లోకి ఒకరు వచ్చిందీ లేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చిన్నన్న కిటికీ దిక్కు తిరిగి, “పంట ఇంటికొచ్చే టైముకు ఇప్పటికీ అన్న కోసం సూస్త సెల్లె” అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. కన్ను పోగొట్టిన మనిషి కోసం మా అన్న ఇంకా ఎదురుచూస్తున్నాడు. మా పిల్లలకు ఎదురుచూడటానికి ఒక్క మనిషీ లేడు.