పెత్రమాస నాడు పిలిచిన పేరు

ఈ కథలో రెండు పేర్లు ఉన్నాయి. రెండూ రాయను. ఒకటి నేను వదిలేసిన పేరు, దాన్ని మళ్లీ నా చేత్తో రాయడం నాకిష్టం లేదు. రెండోది ఇప్పుడు నాదే, కానీ నాకంటే ముందు ఇంకొకరిది. ఆమెను అడగకుండా తీసుకున్నాను. అడుగుదామన్నా ఆమె లేదు.

ఆమె మా అక్క. నేను పుట్టడానికి రెండేళ్ల ముందు, తనకు నాలుగేళ్లప్పుడు చనిపోయింది. మాది కోస్గి దగ్గర ఊరు, గొర్రెల మంద ఉన్న ఇల్లు. ఎండాకాలం మేత దొరకక మందను తోలుకొని తుంగభద్ర వైపు, ఆలంపూర్ దాకా పోయేవారు. మంద ఎవరి చేలో పడుకుంటే ఆ చేనుకు ఎరువు, మావాళ్లకు నాలుగు గింజలు. అట్లా పోయిన ఒక ఏడు అక్కకు జ్వరం వచ్చింది. దవాఖాన దూరం. మూడో రోజు ఎవరిదో చేను గట్టున పూడ్చిపెట్టారు. మేత అయిపోతే మంద ఆగదు కాబట్టి మర్నాడే ముందుకు కదిలారు. మరుసటి ఏడు అదే దారిన పోతే అక్కడ గట్టు లేదు. ఆ రైతు చేను చదును చేసి మిరప వేశాడు. మా అమ్మ ఆ మిరపచేను చుట్టూ పొద్దంతా తిరిగిందట.

అట్లా అక్కకు సమాధి లేకుండా పోయింది. ఫోటో ఎన్నడూ లేదు. మిగిలింది ఒక గౌను, ఒక పేరు. గౌను నాకు తొడిగారు.

పిల్ల పోయిన ఇంట్లో తర్వాత మగపిల్లవాడు పుడితే ఆ సంగతి బయటపెట్టకూడదని, పెడితే వాడూ దక్కడని మా వైపు నమ్మకం. అందుకని మూడేళ్లు వచ్చేదాకా నాకు గౌను తొడిగి, ముక్కు కుట్టించి, పిలక జడ వేసి పెంచారు. చావును మోసం చేశామనుకున్నారు. చావు మోసపోయిందో లేదో నాకు తెలియదు గానీ నేను మాత్రం మోసపోలేదు. మూడేళ్లకు గౌను విప్పి నిక్కరు తొడిగిన నాడు నేను రెండు పూటలు అన్నం ముట్టలేదని అమ్మ నవ్వుతూ చెప్పేది. పెద్దయ్యాక నా సంగతి తెలిసిన తర్వాత ఆ ముచ్చట చెప్పడం మానేసింది. గౌను తొడిగి నన్నిట్లా చేసింది తానేనని ఆమె లోపల కుమిలిపోయేది. కాదమ్మా అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నమ్మలేదు.

అక్క పేరు మా ఇంట్లో ఏడాదికి ఒక్కసారే వినిపించేది. పెత్రమాస నాడు. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య అది. సాయంత్రం ఆడవాళ్లు పూలు పేర్చుకుంటారు, పొద్దున మాత్రం చనిపోయిన పెద్దల కోసం బియ్యం ఇస్తారు. తాంబాళంలో బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, ఓ గుమ్మడికాయ ముక్క పెట్టుకొని గుడి అరుగు మీద కూర్చున్న జంగమయ్య దగ్గరికి పోతారు. ఆయన ఒక్కొక్కరి పేరు అడిగి, నీళ్లు వదిలించి, ఆ పేరును గట్టిగా పలుకుతాడు. పలికితేనే వాళ్లకు ముడుతుంది. తాత పేరు, అవ్వ పేరు, చిన్నతాత పేరు. పసిపిల్లలకు బియ్యం ఇచ్చే ఆనవాయితీ లేదు, వాళ్లు పెద్దల్లో కలవరు. జంగమయ్య ఏటా ఆ మాట చెప్పేవాడు. మా అమ్మ ఏటా కొంగులోంచి ఇంకో దోసెడు బియ్యం తీసి తాంబాళం పక్కన పోసేది.

"ఉంటే పెద్దగయ్యేదే గదయ్యా. గాకపోతే దాని తప్పా" అనేది. ఆయన తల వంచుకొని అక్క పేరు పలికేవాడు.

ఆ పేరు వినగానే నేను అమ్మ వెనక దాక్కునేదాన్ని. దొంగతనం బయటపడ్డట్టు ఉండేది. ఎందుకంటే ఆరేడేళ్లప్పటి నుంచే, గొర్రెపిల్లల వెంట ఒంటరిగా తిరిగేటప్పుడు, నన్ను నేను ఆ పేరుతోనే పిలుచుకునేదాన్ని. ఎవరూ లేని గుట్ట మీద నిలబడి గట్టిగా పిలిచి, నేనే ఆఁ అని పలికేదాన్ని.

రాష్ట్రం వచ్చాక మా జిల్లాను ముక్కలు చేశారు. మా ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా పేరు మారింది. బోర్డులన్నీ తిరగరాశారు. మా వాడకట్టులో ఒక్కరూ ఏడవలేదు, పాత పేరుకేమైందని అడిగినవాళ్లూ లేరు. నేను ఆడదానిగా మారుతున్నానని తెలిసిన రోజు మాత్రం వాడకట్టంతా మా వాకిట్లోకొచ్చి కూర్చుంది. నాయిన ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశాడు. అమ్మ ఫోన్ చేసేది. అంతకు ముందు "కొడుకా" అనేది. తర్వాత అది అనలేక, ఇంకోటి అనలేక, "ఇగో, తిన్నవా" అని మొదలుపెట్టేది.

నేను అప్పటికి మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో చేస్తున్నాను. చీటీలు వరసగా పెట్టుకొని రోగుల పేర్లు పిలిచి డాక్టరు గదిలోకి పంపడం నా పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరందరి పేర్లూ పిలిచే నాకు పేరు లేదు. హైదరాబాదులో మందులు మొదలయ్యాయి, గొంతు సాధన చేస్తున్నాను, పాత ముక్కు రంధ్రంలో చిన్న పుడక కూడా పెట్టుకున్నాను. కలెక్టరాఫీసులో గుర్తింపు కార్డు దరఖాస్తు తెచ్చుకుంటే, కొత్త పేరు రాయాల్సిన గడి దగ్గర నా కలం ఆగిపోయింది.

దోస్తులు తలా ఒక పేరు చెప్పారు. దేవతల పేర్లు, సినిమాతారల పేర్లు. కిరాయి ఇళ్లు మారినట్టు నెలకొకటి పెట్టుకొని చూశాను. ఏ పేరుతో పిలిచినా నేను తిరిగి చూడలేదు. చివరికి ఒకనాడు మధ్యాహ్నం భోజనం వేళ, దవాఖాన మెట్ల మీద కూర్చొని అక్క పేరు రాసేశాను. ఆ గడిలో అది నేను చిన్నప్పుడే రాసిపెట్టుకున్నట్టు కనిపించింది. చాలా సంతోషపడ్డాను. అమ్మ కూడా సంతోషపడుతుందనుకున్నాను. పోయిన పిల్ల పేరు మళ్లీ ఇంట్లో వినబడుతుంది కదా అనుకున్నాను. అంత తెలివి నాది.

కార్డు వచ్చింది. అది పట్టుకొని పెత్రమాసకు ఇంటికి పోయాను. అమ్మ వాకిట్లో చేటలో బియ్యం ఏరుతోంది, ఆ పూట ఇవ్వాల్సిన బియ్యమే. ఆమెకు చదువు రాదు కాబట్టి కార్డు మీది పేరు నేనే చదివి వినిపించాను.

ఏరుతున్న చేయి ఆగింది. "అది దాని పేరు" అంది.

నాయిన పక్కనే గొర్రెపిల్లకు పాలు పట్టిస్తున్నాడు. ఆరు నెలల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అదే. "గొర్రెపిల్ల సస్తే దాని తోలు తీసి ఇంకో పిల్లకు కప్పుతం. తల్లి వాసన జూసి, తన పిల్లే అనుకోని పాలిస్తది. గొర్రె గాబట్టి మోసపోతది. మీ అమ్మ గొర్రె గాదు."

నాకు కోపం తలకెక్కింది. "అది పోయి ముప్పై ఏండ్లైంది. నేను బతికున్న. లేనిదాన్ని ఏడాదికోసారి పిలుస్తరు గని, ఉన్నదాన్ని పిలువనీకి నోరు రాదు మీకు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను పట్టి పీడిస్తోంది.

గుడి దగ్గర జంగమయ్య తాత పేరు, అవ్వ పేరు పలికాడు. అమ్మ కొంగు విప్పింది. ఆయన అలవాటుగా తల వంచి, "చెప్పమ్మా" అన్నాడు. అమ్మ నోరు తెరిచింది. కొంచెం దూరంలో నిలబడ్డ నా వైపు చూసింది. అప్పుడు తట్టింది నాకు నేనేం చేశానో. ఆ పేరు చెబితే బతికున్న నన్ను చచ్చినవాళ్ల వరసలో పిలిచినట్టు. చెప్పకపోతే అక్కకు ఆ దోసెడు ముట్టదు. అమ్మ నోరు మూసుకొని, బియ్యం మళ్లీ కొంగులో కట్టుకొని ఇంటికొచ్చేసింది. ఆ సాయంత్రం బతుకమ్మ దగ్గరికి కూడా పోలేదట. నేను చివరి బస్సు కోసం ఆగకుండా మధ్యాహ్నమే వెళ్లిపోయాను.

ఆ ఏడాది మామూలుగా గడవలేదు. అమ్మ మధ్యాహ్నాలు ఫోన్ చేసి చిన్న గొంతుతో చెప్పేది. "ఇగో, పొద్దుగాల మంద రెండు పాయలైంది. నడుమ ఎవరో నడుస్తున్నట్టు దారి ఇచ్చినయ్." ఇంకోసారి, "వాకిట్ల నిలవడతాంది. రా అంటే లోపలికి రాదు. పేరు వెట్టి పిలువరాదాయె, ఎట్ల వస్తది." నేను దవాఖాన కుర్చీలో కూర్చొని వినేదాన్ని. అదంతా నీ మనసులోనిదే అని చెప్పాలి. నేను చెప్పలేదు, ఎందుకంటే నాకు కూడా అవుతోంది.

ఎవరైనా వెనక నుంచి నా కొత్త పేరు పెట్టి పిలిస్తే, నాకంటే ముందు ఇంకెవరో తిరిగినట్టు ఉండేది. నా నడుము ఎత్తు కూడా లేనివాళ్లెవరో. నేను తిరిగేసరికి ఆలస్యమైపోయేది. "ఏందమ్మా వినబడదా" అని సిస్టర్ విసుక్కునేది. పేరు దొరికింది గానీ దానికి పలికే వంతు నాకు దొరకలేదు. ఒకరోజు చీటీల్లో ఆ పేరే వచ్చింది. వయసు నాలుగేళ్లు, జ్వరం. హాలులో ఒక తల్లి ఒళ్లో తువ్వాల చుట్టుకొని పడుకుంది పిల్ల. నాకు పిలవడానికి నోరు రాలేదు. లేచిపోయి ఆ తల్లి భుజం తట్టి, లోపలికి రండమ్మా అన్నాను. పిల్ల కళ్లు తెరిచి నన్ను చాలాసేపు చూసింది. మందు రాయించుకొని బాగానే ఇంటికి పోయింది. నేను మాత్రం మిగతా చీటీలు సిస్టర్ చేతికిచ్చి బయట మెట్ల మీద కూర్చున్నాను.

మర్నాడు అమ్మకు ఫోన్ చేశాను. "అమ్మా, పేరు మార్చుకుంట. దానిది దానికి ఇచ్చేస్త."

"మల్ల ఏం పేరు వెట్టుకుంటవ్?"

"తెల్వది. ఏదీ అతుకుత లేదు."

అమ్మ మందకాడ ఉన్నట్టుంది. వెనక గొర్రెల అరుపులు వినబడుతున్నాయి. "పేరు లేకుంట ఎట్లుంటవ్ బిడ్డా" అంది. ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదలు. "జర ఆగు. పెత్రమాసకు రా."

పోయాను. ఈసారి నాయిన కూడా తలపాగా చుట్టుకొని తాంబాళం పట్టుకొని ముందు నడిచాడు. జంగమయ్య పెద్దల పేర్లన్నీ పలికాడు. అమ్మ కొంగు విప్పి దోసెడు బియ్యం పోసింది. "చెప్పమ్మా" అన్నాడాయన. అమ్మ నాయిన వైపు చూసింది. నాయిన గొంతు సవరించుకొని, నాకు తాను పెట్టిన పేరు చెప్పాడు. నేను వదిలేసిన పేరు.

జంగమయ్య తలెత్తి నన్ను చూశాడు. "గది మీ పిలగాని పేరు గద. పోయింది ఆడపిల్లాయె."

"దాని గౌను ఇది తొడుక్కున్నది" అంది అమ్మ. "దాని పేరు గూడ తొడుక్కున్నది. దీని పేరు ఉత్తగనే పడున్నది గద, అది తొడుక్కుంటది. ఒక్క కడుపుల పుట్టినోళ్లు, ఒకరిది ఒకరు తొడుక్కుంటే తప్పేందయ్యా. ఆకలైనదానికి ఏ పేరైతేంది, పిలువు."

ఆయన నీళ్ల చెంబు నాయిన చేతిలో పెట్టాడు. తర్వాత కళ్లు మూసుకొని ఆ పేరును గట్టిగా, గుడి గోడకు తగిలేటట్టు పిలిచాడు.

ముప్పై ఏళ్ల అలవాటు. గొంతులోంచి ఆఁ అని లేచింది. పెదవుల దాకా వచ్చింది. అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకొంది.

"పలుకకు. నిన్ను గాదు."

నేను పలకలేదు. నాయిన వంగి నీళ్లు వదిలాడు. నీళ్లు కొన్ని ఆయన ధోతి మీద పడ్డాయి. ఆయన మనసులో ఆ బియ్యం చనిపోయిన కూతురికో, ఇక రాని కొడుక్కో నేను అడగలేదు. అడగను కూడా. మొహం తుడుచుకొని ఆయన మందకాడికి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చే దారిలో అమ్మ ఖాళీ తాంబాళం చంకన పెట్టుకొని ముందు నడుస్తోంది. నేను పది అడుగులు వెనక. గునుగు పూలు కోసుకొని పిల్లలు ఎదురొస్తున్నారు. అమ్మ వెనక్కి తిరగకుండానే, నడుస్తూ నడుస్తూనే, ఒక పేరు పిలిచింది.

నేను ఆగాను. నాకంటే ముందు తిరిగేవాళ్ల కోసం ఒక్క క్షణం చూశాను. దారి ఖాళీగానే ఉంది. అమ్మ మళ్లీ పిలిచింది.

"ఆఁ, వస్తున్నమ్మా" అన్నాను.