కుడివైపు వచ్చే జింకలు

ఎనభైల మొదట్లో మేము మిషిగన్‌లో ఉన్నప్పుడు మా ఇంట్లో భోజనాల దగ్గర రోజూ ఒకటే గొడవ. మా అమ్మాయికి ఆరేళ్ళు, ఎడమచేతి వాటం. దాని ఎడమ చెయ్యి కంచంలో పడగానే మా ఆవిడ వడ్డన ఆపేసేది. "రైట్ హ్యాండ్" అనేది. పిల్ల చెయ్యి మార్చుకునేది. రెండు ముద్దలయ్యాక ఎడమ చెయ్యి మళ్ళీ తనంతట తనే కంచంలోకి వచ్చేది. చివరికి మా ఆవిడ ఆ చేతిని తొడ కింద పెట్టుకుని దానిమీద కూర్చుని తినమనడం మొదలుపెట్టింది. పెన్సిల్ పట్టుకున్నప్పుడూ అదే శిక్షణ.

మా ఆవిడ కఠినురాలేమీ కాదు. పిల్లని ఇండియా తీసుకెళితే నలుగురిలో ఎడమ చేత్తో అన్నం కలుపుతుందేమో, తల్లి పెంపకాన్ని అంటారేమో అని ఆమె భయం. "మొక్కై వంగనిది మానై వంగుతుందా అండీ?" అని నన్నే అడిగేది. ఆ పైన సాక్ష్యానికి నన్నే నిలబెట్టేది.

"మీ డాడీని చూడు. డాడీది కూడా చిన్నప్పుడు లెఫ్టే. తాతయ్య మార్పించారు. డాడీకి ఏమైంది? ఇంజినీర్ అవ్వలేదా?"

నేను పప్పుచారు జుర్రుకుంటూ తలూపేవాణ్ణి. నాకు నిజంగానే ఏమీ కాలేదనుకునేవాణ్ణి. పైగా అప్పట్లో ఏ విషయం మీదా వాదించే ఓపిక నాకు లేదు. నేను పనిచేసేది కార్ల విడిభాగాలు డిజైన్ చేసే ఆఫీసులో. కార్లు అమ్ముడుపోక శుక్రవారం వచ్చిందంటే ఎవరో ఒకరి బల్ల ఖాళీ అయ్యేది. మిగిలినవాళ్ళం వాళ్ళ పని కూడా చేసేవాళ్ళం. ఇంటికొచ్చేసరికి ఒంట్లో పిండేసిన పిప్పే మిగిలేది.

పక్క బల్ల దగ్గర కూర్చునే అమెరికన్ ఇంజినీరు ఒకడు నా అవస్థ చూసి, తనతో వేటకి రమ్మన్నాడు. తుపాకీ కాదు, విల్లు. నేను నవ్వాను. విల్లంబులు మాకు పురాణాల్లోనే అన్నాను. అయినా వెళ్ళాను. వాళ్ళ బాబాయికి మొక్కజొన్న చేలూ, చేల చివర ఓక్ చెట్ల అడవీ ఉండేవి. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా నన్ను ఎవరూ ఏమీ అడగని చోటు అదొక్కటే. ఆ ఒక్క సుఖం కోసమే విల్లు కొనుక్కున్నాను.

విల్లు కొనేటప్పుడు కొట్టువాడు కుడిచేతిదా, ఎడమచేతిదా అని అడిగాడు. అంత డబ్బు పోసి కొంటున్న కొత్త వస్తువు, ఎడమ చేత్తో ముట్టుకుంటామా? ఆలోచించకుండానే కుడి చెయ్యి చాచాను.

నన్ను వేటకి తీసుకెళ్ళిన మా వాడు చెట్టు మీద మంచె కట్టేవాడు కాదు. తొడలకీ నడుముకీ బిగించుకునే వెడల్పాటి పటకా లాంటిది ఒకటి ఉండేది, దాన్ని శాడిల్ అనేవాడు. దాని తాడు చెట్టు బోదెకి కట్టి, కాళ్ళు బెరడుకి తన్నిపెట్టి, చెట్టుకి ఎదురుగా వెనక్కి వాలి కూర్చోవాలి. బావిలో దిగినవాడు మధ్యలో ఆగిపోయినట్టుంటుంది. అలా వేలాడుతూ బాణం వెయ్యడంలోనే ఉన్నాయి తిప్పలన్నీ. విల్లు ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో నారి లాగేవాడికి ఎడమవైపు వచ్చిన జింక తేలిక. కుడివైపు వచ్చిందా, ముందు తాడు అడ్డం, తర్వాత చెట్టు అడ్డం. కాలితో బోదెని తన్ని మొత్తం ఒళ్ళు తిప్పుకోవాలి. సరిగ్గా కాళ్ళ కిందికి వస్తే ఇంకో కష్టం. చెయ్యి మాత్రమే దించితే బాణం గురి తప్పుతుంది. భుజాలూ చేతులూ కదపకుండా నడుము దగ్గరే వంగాలి. అప్పుడు కూడా నిట్టనిలువుగా దిగిన బాణం ఒక్క ఊపిరితిత్తికే తగిలి, జింక ఎక్కడికో పోయి నరకయాతన పడి చస్తుందని, ఆ దెబ్బ వెయ్యొద్దని చెప్పేవాడు.

నాకు జింకలన్నీ కుడివైపే వచ్చేవి. ఆ చెట్టు దగ్గర గాలి వాటాన్ని బట్టి ఒక పక్కే కూర్చోవాలి, అవి నడిచే దారేమో అవతలి పక్కన ఉండేది. నేను తిరిగేలోపు అవి నన్ను చూసేవి, తోక ఎత్తేవి, వెళ్ళిపోయేవి. అదృష్టం బాగుండి ఎడమవైపు వచ్చినా బాణం ఎడమకి జారిపోయేది. మొదటి రెండు వేట సీజన్లూ చలికి వణకడం తప్ప నేను చేసిందేమీ లేదు. శని పట్టినవాడికి చెట్టెక్కినా శనే అనుకుని నవ్వుకునేవాణ్ణి. ఇంటికొస్తే పిల్ల చెయ్యి తొడ కింద. మా ఆవిడ నోట అదే మాట. "డాడీకి ఏమైంది?"

మూడో ఏడు ఆకులు రంగు మారే వేళకి మా వాడు తన ఇంటి వెనక ఉన్న మేపుల్ చెట్టుకి, నేలకి దగ్గరగా నన్ను కట్టి సాధన చేయించాడు. గడ్డి కూరిన సంచీలు చుట్టూ పెట్టి ఒకదాని తర్వాత ఒకటి చూపించేవాడు. కాసేపు చూసి కాఫీ కప్పు కింద పెట్టాడు.

"నీ ఒళ్ళు కుడివైపుకి హాయిగా తిరుగుతోంది" అన్నాడు. "అక్కడికెళ్ళాక నీ చేతులే నీకు అడ్డం పడుతున్నాయి. అందరికీ ఇలా ఉండదే."

రెండు అరచేతులూ కలిపి మధ్యలో చిన్న సందు ఉంచి, అందులోంచి వీధి చివరి పోస్టు డబ్బాని చూడమన్నాడు. ఒక కన్ను, తర్వాత రెండో కన్ను మూయమన్నాడు. కుడి కన్నుతో చూస్తే డబ్బా మాయమైంది. ఎడమ కన్నుతో చూస్తే కదలకుండా అక్కడే ఉంది.

"నువ్వు గురి చూసేది ఎడమ కన్నుతో. లాగేది కుడి చేత్తో. చిన్నప్పుడు నువ్వు లెఫ్ట్ హ్యాండా?"

అవునన్నాను. మా నాన్న నా ఎడమ చేతిని తువ్వాలుతో నడుముకి కట్టి బడికి పంపేవాడని చెప్పాను. నేను దాన్ని ఎప్పుడూ నవ్వుతాలుగానే చెప్పేవాణ్ణి, అప్పుడూ అలాగే చెప్పాను. వాడు నవ్వలేదు. లోపలికెళ్ళి వాళ్ళావిడ పాత విల్లు పట్టుకొచ్చాడు. ఆవిడది ఎడమచేతి వాటం.

ఆ విల్లుని కుడి చేత్తో పట్టుకుని ఎడమ చేత్తో నారి లాగాను. మొదటి రోజు బాణాలు ఎటెటో పోయాయి. వేళ్ళకి బలం లేదు, భుజం సలిపేది. కానీ ఏ కన్నూ మూసుకోవలసిన పని లేకపోయింది. నెల తిరిగేసరికి బాణాలు సంచీ మధ్యలో గుత్తిగా దిగేవి. సిగ్గుపడ్డానో సంతోషించానో చెప్పలేను. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

నవంబరులో ఒక ఉదయం అదే ఓక్ చెట్టు మీద వేలాడుతున్నాను. ముందురోజు ఆఫీసులో ఇంకో ఇద్దర్ని తీసేశారు. నాకు జింక వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే అన్నట్టుంది. మంచు కరుగుతుండగా మొక్కజొన్న మొదళ్ళలోంచి ఒక జింక కుడివైపు వచ్చింది, ఎప్పటిలాగే. ఎదురుగా నడిచి వస్తోంది. అలా ఎదురొచ్చేదాన్ని వెయ్యకూడదు. ఆగాను. అది తల వంచి ఓక్ కాయలు ఏరుకుంటూ పక్కకి తిరిగింది. నేను కాలితో చెట్టుని తన్నలేదు, ఒళ్ళు మెలితిప్పలేదు. తాడు అడ్డం రాలేదు. నడుము దగ్గర కొద్దిగా వంగి, నారి లాగి, వదిలాను.

అది నాలుగు గెంతులు గెంతి చేలోనే పడిపోయింది. పెద్దగా బాధ పడలేదు.

సంతోషం రావాలి కదా, రాలేదు. తాడు మీద వెనక్కి వాలిపోయాను. ఇంత తేలికైన పనా ఇది! మరి నా జీవితంలో ఇంకెన్ని పనులు ఇలా ఒళ్ళు మెలితిప్పుకుని చేశాను? బళ్ళో రాత, కాలేజీలో డ్రాయింగు, ఆఫీసులో స్కేలు పట్టుకోవడం. అందరికీ ఇంతే కష్టమనుకున్నాను. నేను మందకొడిననుకున్నాను. మా నాన్న మీద కోపం వచ్చింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, కోపం ఎవరి మీద చూపించాలో తెలియక చెట్టు మీదే ఏడ్చాను.

జింకని మా వాడి గరాజులో వేలాడదీసి సాయంత్రానికి ఇల్లు చేరాను. మా ఆవిడ అన్నం వడ్డించింది. పిల్ల ఎదురుగా కూర్చుంది, చెయ్యి తొడ కింద పెట్టుకుని. కుడి చేత్తో తీసిన ముద్ద సగం బల్ల మీద పడింది.

"సరిగ్గా తిను. డాడీకి ఏమైంది, చక్కగా తినట్లేదూ?"

"అయింది" అన్నాను.

మా ఆవిడ నా వంక చూసింది. కంచం పక్కకి జరిపి అంతా చెప్పాను. కన్ను సంగతి, విల్లు సంగతి, చెట్టు మీద ఏడ్చిన సంగతి.

"ఇన్నాళ్ళూ చెప్పరేమండీ?"

"నాకే తెలీదే."

ఆమె గిన్నె మీద మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. "అన్నం మాత్రం కుడి చేత్తోనే. అదొక్కటీ నేను ఒప్పుకోను. నలుగురిలో దాన్నే అంటారు. రాసుకోవడం, బొమ్మలేసుకోవడం... దానికెలా వీలైతే అలా" అంది. అని వంటగదిలోకి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.

పిల్ల తొడ కింది నుంచి చెయ్యి తీసింది. కుర్చీ అల్లిక అచ్చులు దానిమీద ఎర్రగా పడి ఉన్నాయి. కాగితం, పెన్సిల్ తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. పెన్సిల్ ఎడమ చేత్తో పట్టుకుంది. కాసేపు ఆగి కుడి చేతిలోకి మార్చింది. మళ్ళీ ఎడమ చేతిలోకి తెచ్చింది. నా మొహంలోకి చూసింది.

"ఐ డోంట్ నో డాడీ. ఏ హ్యాండ్ నాది?"

ఏ చేతితో రాయాలో నా కూతురు నన్ను అడిగి తెలుసుకుంటోంది. రెండూ నీవేనమ్మా అని చెప్పబోయాను కానీ ఆ తియ్యటి మాట నోట్లోంచి రాలేదు. నేనూ ఒక పెన్సిల్ తీసుకుని ఎడమ చేత్తో పట్టుకున్నాను. ఇద్దరం దాని పేరు రాశాం. నా అక్షరాలు కోడి కెలికినట్టు వచ్చాయి. అది నాలుక బయటపెట్టి, నెమ్మదిగా, చివరి అక్షరం దాకా రాసింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది.

"నాదే బాగుంది డాడీ."

"అవునమ్మా" అన్నాను. "నీకింకా టైముంది."