వాకిట్లో ఖాళీ తొట్టి

పెయింటు వేసిన ఇనుమును గ్యాస్ కట్టరుతో కోస్తే ఒక వాసన వస్తుంది. కాలిన జుట్టు వాసనకు దగ్గరగా ఉంటుంది గానీ సరిగ్గా అదీ కాదు. గొంతులో కాసేపు తియ్యగా ఆగి, ఆ తర్వాత చేదుగా లోపలికి దిగుతుంది. మొన్న కాడుగోడి స్టేషను వెనక వీధిలో వంకాయలు ఏరుకుంటుంటే ఆ వాసన తగిలింది. తలెత్తి చూస్తే ఎదుటి ఖాళీ సైటులో ఎవరో పాత క్యాబిన్‌ను కోస్తున్నారు. బిల్డర్లు పని జరిగేటప్పుడు తెచ్చి పెట్టుకునే ఇనప గదులవి. మొదట ఇంజనీర్లకు ఆఫీసుగా ఉంటాయి; కట్టడం పూర్తయ్యాక, మళ్ళీ ఎత్తుకుపోవడం దండగనిపిస్తే అక్కడే వదిలేస్తారు; చివరికి ఎవరో ఒక కూలి కుటుంబానికి ఇల్లవుతాయి. "తూకం వేయాల్నా అక్కా?" అని కూరగాయలామె రెండోసారి అడిగేదాకా నేను ఈ లోకంలో లేను. పిళ్ళప్పన్నను తలుచుకుంటున్నాను. ఆయనను తలుచుకుంటే నాకు కృతజ్ఞత, కోపం రెండూ ఒకేసారి వస్తాయి. ఇన్నేళ్ళయినా ఏది ముందో తేల్చుకోలేకపోయాను.

పిళ్ళప్పన్నది బెంగుళూరులో ఎన్నో తరాల కింద స్థిరపడిన తెలుగు కుటుంబం. వాళ్ళ పొలాలు పోయి ఆ చోట అపార్టుమెంట్లు లేచాక, ఆయన రెండు ట్రాక్టర్లు కొని కూల్చిన ఇళ్ళ మట్టి, ఇటుక ముక్కలు తోలే పని మొదలుపెట్టాడు. నేను ఆయన దగ్గర పనికి చేరేనాటికి టిప్పర్లు, ఒక జేసీబీ కూడా ఉండేవి. వాటితోబాటు పెద్ద ఇనప తొట్లు. లారీ వెనక కొక్కెంతో ఎత్తి దించేవి. ఎవరైనా ఇల్లు పడగొట్టుకుంటుంటే తొట్టిని బాడుగకిచ్చి వాకిట్లో దించి వచ్చేవాళ్ళం. నిండాక పోయి ఎత్తుకొచ్చేవాళ్ళం. నాకు ఇంటర్ చదువు, కదిరి యాస తప్ప మరేమీ లేవు. నా భర్త ఓబులేసు గోడలకు రంగులు వేసే పని చేసేవాడు. ఒకరోజు పిళ్ళప్పన్న ఇంటికి రంగు వేస్తూ, మా ఆవిడ చదువుకుంది అన్నా అని చెప్పాడట. మర్నాడే నేను ఆయన యార్డులో రేకుల గదిలో ఫోను ముందు కూర్చున్నాను.

ఆయన నాకు నేర్పిన మొదటి సంగతి ఆ ఫోను గురించే. "ఎత్తుతానే రేటు చెప్పగూడదు రమా. లోపల ఎవురన్నా ఉండారా అని అడగల్ల. అది మొదటి మాట. తక్కినదంతా ఆమీద." నేను ఆశ్చర్యపోయాను. ఇటుక ముక్కలు మోసే మనిషికి ఇంత దయా అనుకున్నాను. ఆయన తీరు కూడా అలాగే ఉండేది. డ్రైవర్లు తినందే తాను తినేవాడు కాదు. గొంతు పెంచి మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. ఒకసారి ఒక ఇంజనీరు ఫోనులో, ఆడవాళ్ళకేం తెలుస్తుంది, మగవాళ్ళెవరైనా ఉంటే ఇవ్వమన్నాడు. నా ముఖం మాడిపోవడం చూసి పిళ్ళప్పన్న ఫోను అందుకున్నాడు. "ఆయమ్మ చెప్పిందే మా మాట సార్. ఆయమ్మతో మాట్లాడేకి కాదంటే వేరే బండి చూసుకోండి" అని నెమ్మదిగా చెప్పి, మళ్ళీ నా చేతికే ఇచ్చాడు. ఆ రోజు నుంచి నా గొంతులో వణుకు పోయింది. కదిరిలో పెద్దవాళ్ళ ముందు నోరు తెరవని నేను, ఇవాళ ఎంత పెద్ద మేనేజరుతోనైనా కూర్చుని మాట్లాడగలనంటే అది ఆయన పెట్టిన భిక్ష. ఈ మాట రాయకుండా తక్కినది రాస్తే అన్యాయమవుతుంది.

కొన్నాళ్ళకు నన్ను సైట్లకు కూడా తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ఇళ్ళలో ఆడవాళ్ళుంటారు, పక్కన ఒక ఆడమనిషి ఉంటే మంచిదనేవాడు. బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్లు తీసేయాలి. అక్కడ సాకమ్మ అనే పెద్దావిడ కూతురితో ఉండేది. కూతురు ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. పిళ్ళప్పన్న చెప్పులు బయట విడిచి లోపలికి పోయి, కింద చాప మీద కూర్చున్నాడు. మీది ఏ ఊరమ్మా అన్నాడు. పెనుకొండ పక్క అని ఆమె చెప్పగానే, "మా పెద్దోళ్ళు గూడా ఆ పక్కనించి వచ్చినోళ్ళే" అన్నాడు. ఆమె ఇచ్చిన కాఫీ తాగాడు. బిడ్డకు డ్యూటీ ఎన్నింటికి, మోకాళ్ళ నొప్పికి ఏం మందు వాడుతున్నావు, అన్నీ అడిగాడు. చాలాసేపటికి గానీ అసలు మాటకు రాలేదు.

"ఓనరు సైటు అమ్మేసినాడు తల్లీ. అది నీ చేతిలో లేదు, నా చేతిలో లేదు. నీ ఇంట్లో కాపీ తాగినోణ్ణి, నిన్ను రోడ్డున పడేస్తానా? మేముండాం గదా. జాగా చూస్తాం. సామాను మన బండిలోనే దింపిస్తాం."

సాకమ్మ కళ్ళు ఒత్తుకుని తల ఊపింది. మర్నాడు ఆ షెడ్ల ముందు ఒక ఖాళీ తొట్టి దించాము. పడగొట్టేది ఇంకా రెండ్రోజులకు. ఇప్పుడే ఎందుకన్నా అని అడిగితే, కాసేపు చూస్తాండు అన్నాడు. ముందు ఎవరో పిల్ల విరిగిన బకెట్టు తెచ్చి వేసింది. తర్వాత ఒకాయన చెదలు పట్టిన పలక. సాయంత్రానికి పాత చాపలు, స్టవ్వు స్టాండు, దేవుడి గూడు కోసం వేసుకున్న కొయ్య కూడా వచ్చి పడ్డాయి. తిరిగి వచ్చేటప్పుడు బండిలో చెప్పాడు. "కొట్టేది మనం గాదు రమా. సగం వాళ్ళే కొట్టేసుకుంటారు. వాకిట్లో ఖాళీ తొట్టి కనపడితే మనిషి చెయ్యి ఊరుకోదు. ఒకటి పారేసినాక ఆ ఇల్లు వాళ్ళది గాదని వాళ్ళకే అనిపిస్తాది. జగడం లేదు, పోలీసు లేదు. మంచిదే గదా?"

మంచిదే అనుకున్నాను. మిగతా కాంట్రాక్టర్లు రౌడీలను తీసుకెళ్ళి జుట్లు పట్టి ఈడ్పించడం నేను చూశాను. ఈయన పనిలో ఒక్కరూ గొడవపడరు. బిల్డర్లు వెతుక్కుంటూ వచ్చేది అందుకే. తర్వాత సాకమ్మ ఆఫీసుకు ఫోను చేసేది. "ఆయప్ప జాగా చూస్తానన్యాడు గదమ్మా" అని. పిళ్ళప్పన్న చేత్తో సైగ చేసేవాడు. చూస్తున్నారమ్మా అని నేను చెప్పేదాన్ని. కొన్నాళ్ళకు ఫోన్లు ఆగిపోయాయి. ఇలాంటి ఫోన్లు ఎప్పుడూ కొన్నాళ్ళకు ఆగిపోయేవి.

అప్పట్లో మేము వర్తూరులో ఒక క్యాబిన్‌లోనే ఉండేవాళ్ళం. ఎవరో బిల్డరు వదిలేసిపోతే స్థలం ఓనరు బాడుగకిచ్చాడు. ఎండాకాలం లోపల ఉడికిపోయేవాళ్ళం, వాన పడితే ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. అయినా మాకది ఇల్లే. ఓబులేసు పని చేసిన చోట్ల డబ్బాల్లో మిగిలిన రంగులు తెచ్చి నాలుగు గోడలకూ నాలుగు రంగులు వేశాడు. మా పాప స్కూల్లో ఇల్లు బొమ్మ గీయమంటే ఆ నాలుగు రంగులతోనే గీసేది. వెనక కరివేపాకు చెట్టు పెట్టాను. అడుగు రేకు తుప్పు పట్టిందని తెలుసు, క్రేను వచ్చి ఎత్తినా రాదు, ఇక ఇది ఎక్కడికీ పోదు అని నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు ఫోను మోగింది. వర్తూరులో పాత క్యాబిన్ ఒకటి కోసి తీసుకుపోవాలి, ఒక తొట్టి, ఒక టిప్పరు కావాలి అన్నాడు అవతలి మనిషి. అలవాటు ప్రకారం లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగాను. "ఎవరో లేబర్ ఉన్నారు. ఖాళీ చేస్తారు లెండి" అన్నాడు. అడ్రసు చెప్పమన్నాను. చెరువు దారి, వాటర్ ట్యాంకు, ఎడమ పక్క మలుపు. వింటూ ఉన్నాను. చివరికి, వెనక కరివేపాకు చెట్టు ఉంటుంది, అదే గుర్తు అన్నాడు. సరే సార్ అని ఫోను పెట్టేసి, పోయి పిళ్ళప్పన్నకు అడ్రసుతో సహా చెప్పాను. ఆయన విన్నాడు. నా ముఖం వంక చూశాడు. "చూస్తాంలే" అన్నాడు. ఆ వారమంతా ఏదో ఒకటి చెబుతాడని, ఆ పని వద్దని అవతలివాళ్ళకు ఫోను చేస్తాడని ఎదురుచూశాను.

ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు. కింద కూర్చున్నాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది. కాఫీ ఇచ్చాను, తాగాడు. పాపను దగ్గరికి పిలిచి ఏం చదువుతున్నావని అడిగాడు. ఓబులేసును భుజం నొప్పి ఎట్లుంది అని అడిగాడు. నేను స్టవ్వు దగ్గర నిలబడి ఒక్కో మాటా లెక్కగట్టుకుంటున్నాను. ఇప్పుడు ఓనరు మాట వస్తుంది. వచ్చింది. నీ చేతిలో లేదు, నా చేతిలో లేదు. అదీ వచ్చింది. "మీ ఇంట్లో కాపీ తాగినోణ్ణి, ఓబులేసూ" అని మొదలుపెట్టేసరికి నేను ఆగలేకపోయాను.

"అన్నా, ఈ మాటలు నాగ్గూడానా?" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. సిగ్గుపడలేదు, కోపం తెచ్చుకోలేదు. నిజంగా ఆలోచించి చెప్పినట్టు చెప్పాడు. "నా కాడ వేరే మాటలు యాడుండాయి రమా?"

ఓబులేసు నా మీద కసురుకున్నాడు. "పెద్దాయన ఇంటిదాకా వచ్చి చెప్తాంటే ఏం మాటలవి? మనకు జాగా చూడకుండా ఉంటాడా?" అన్నాడు. ఓబులేసు ముఖంలో నమ్మకం సాకమ్మ ముఖంలో ఉన్నటువంటిదే. ఇంక నేనేం చెప్పను? ఉద్యోగం ఆయన దగ్గరే. ఆయన కాకపోతే మరొకరు కట్టరు తెస్తారు. తిట్టడానికి కూడా ఆయన నాకు చోటివ్వలేదు. రౌడీలను పంపి ఉంటే కనీసం వీధిలో నిలబడి అరిచేదాన్ని.

మర్నాడు తొట్టి వచ్చింది. దించిన డ్రైవరు నన్ను చూసి తల వంచుకున్నాడు. ఇందులో ఒక్క పుల్ల కూడా వేయను, ఎవరినీ వేయనివ్వను అని గట్టిగా అనుకున్నాను. పాప స్కూలు నుంచి వచ్చి పాత చెప్పులు వేసింది, దానికి అదొక ఆట. ఓబులేసు ఎండిపోయిన రంగు డబ్బాలు వేశాడు. నేను గడపలో కూర్చుని చూస్తూనే ఉన్నాను. చీకటి పడేముందు, కాలు విరిగి మూల పడున్న ప్లాస్టిక్ స్టూలు ఎందుకో కంటికి ఆనింది. ఇది మాత్రం ఎక్కడికి మోసుకుపోతాం అనుకున్నాను. లేచి తీసుకుపోయి వేశాను. తొట్టి అడుగున రంగు డబ్బాల మీద పడి పెద్ద చప్పుడైంది. ఏం జరుగుతోందో నాకు అక్షరం అక్షరం తెలుసు. తెలిసి కూడా మళ్ళీ లోపలికి పోయి ఇంకొకటి తెచ్చాను.

కోసే రోజు ఆయన మా తలుపు చెడకుండా ఊడదీయించి, నీకు పనికొస్తాది అని ఇప్పించాడు. సామాను నిజంగానే ఆయన బండిలోనే దింపించాడు. జాగా మాత్రం చూడలేదు. నెల రోజులు ఓబులేసు వాళ్ళ మేస్త్రీ ఇంటి వరండాలో పడుకుని, తర్వాత ఈ కాడుగోడిలో మేమే వెతుక్కున్నాం. నేను పని మానలేదు. మానే స్తోమత లేదు. ఆయన కూడా ఏమీ జరగనట్టే ఉన్నాడు. అంతకుముందులాగే మేమంతా తిన్నాకే తినేవాడు. ఓబులేసు నిచ్చెన మీద నుంచి పడితే ఆస్పత్రికి తానే తీసుకుపోయి రోజంతా బెంచీ మీద కూర్చున్నాడు. నాకు అది ఇంకా కష్టంగా ఉండేది. చెడ్డవాడైతే ఎంత బాగుండేదో అనిపించేది. ఆయన దయ నటన కాదు. దాన్ని పనికి వాడుకున్నాడు, అంతే. పొలం దున్నే ట్రాక్టరునే మట్టి తోలడానికీ వాడినట్టు.

పోయిన వానాకాలంలో ఆయన చనిపోయాడు. చూడటానికి వెళితే ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. "మా ఆయన ఎప్పుడూ చెప్తాండ్య. నా పని మర్మం తెలిసింది రమ ఒకతికే అని" అంది. మెచ్చుకోలుగానే చెప్పింది పాపం. నాకు ఏడుపు రాలేదు. దండ వేసి, ఆమె దగ్గర కాసేపు కూర్చుని వచ్చేశాను. యార్డును ఇప్పుడు ఆయన కొడుకు చూస్తున్నాడు. నేను వేరే చోట, ఒక సిమెంటు దుకాణంలో లెక్కలు రాస్తున్నాను.

ఇప్పుడున్న ఇంటి ఓనరు పెద్దాయన, మంచివాడు. పోయిన వారం పైకి వచ్చి, కుర్చీలో కూర్చుని, వచ్చీరాని తెలుగులో మాట్లాడాడు. నీళ్ళు సరిగా వస్తున్నాయా, పాప చదువు ఎలా ఉంది, బాత్రూం గోడ చెమ్మ పడుతోందా అని అడిగాడు. అన్నిటికీ జవాబు చెప్పాను. నవ్వుతూ దిగి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఓబులేసు వచ్చేసరికి నేను అటక మీది గిన్నెలన్నీ దించి, పేపర్లలో చుట్టి, అట్టపెట్టెల్లో సర్దుతున్నాను.

"ఏం చేస్తాండావే?" అన్నాడు.

"ఓనరు వచ్చి చానా నెమ్మదిగా మాట్లాడినాడు" అన్నాను.

ఓబులేసు గిన్నెలు ఒక్కొక్కటే విప్పి మళ్ళీ అటకెక్కించాడు. మర్నాడు ప్లంబరు వచ్చి బాత్రూంలో పైపు బాగుచేసి వెళ్ళాడు. పెద్దాయన వచ్చింది అందుకేనట. పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి. ఒక్కటి మాత్రం నేను విప్పనివ్వలేదు. మంచం కింద ఉంది.