ఆయమ్మ నేర్చిన జోలలు

మా మేనత్తని రేవు ఆసుపత్రి ప్రసూతి వార్డులో అందరూ ఆయమ్మ అనేవారు. పక్కగుడ్డలు మార్చడం, పసివాళ్లని తుడవడం, తల్లులు కునుకు తీస్తే పిల్లల్ని భుజాన వేసుకుని తిరగడం ఆవిడ పని. ఓడల మీద బతికేవాళ్ల భార్యలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి అక్కడ కనేవారు. వాళ్ల మాటలు ఆవిడకి ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. జోలలు మాత్రం చెవిన పడితే చాలు, నోటికి వచ్చేసేవి.

మామయ్య బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఇంట్లో గోడ పొడుగునా రికార్డులే. ఏ వాద్యం ఏ సముద్రాలు దాటిందో, ఏ బాణీ ఎవరి కష్టంలోంచి పుట్టిందో అన్నం తింటూ చెప్పేవాడు. అత్తయ్య మధ్యలో తన మాట విసిరేది.

"మొన్నొచ్చిన ఎడారి పిల్ల బిడ్డని ముక్కుతోనే జోకొట్టిందండీ. పెదవి కదిపితే ఒట్టు!"

"అది సంగీతం కాదే, బాలింత నీరసం."

"మీ క్లారినెట్ విని ఒక్క పసివాడైనా నిద్రపోయాడా?"

పోట్లాట అయ్యాక ఆయనే బతిమాలి పాడించుకునేవాడు. కళ్లు మూసుకుని ఆ పాటని క్లారినెట్‌లో మెల్లగా వెతుక్కునేవాడు. ఆ ఇరుకు గదిలోకి ఎవరిదో ఇసుక, ఎవరిదో వాన వచ్చి కూర్చునేవి.

ఒక్క పాట దగ్గర మాత్రం ఆయన ఒప్పుకోలేదు. దూరపు తీరం నుంచి మనవరాలిని చూడ్డానికొచ్చిన పడవవాడొకడు, పాపని ఎత్తుకుని వార్డు కిటికీ దగ్గర ఊగుతూ పాడిన పాట అది.

"జోలపాటేమిటే ఇది! పడుకున్నవాణ్ణి లేపి పరిగెత్తించేలా ఉంది."

"మీకేం తెలుసు? ఆ పాప ఎంత హాయిగా పడుకుందో!"

ఒక వేసవిలో ఆ తీరం వైపు నుంచే ఒక అమ్మాయి కాన్పుకొచ్చింది. భర్త ఓడలో ఉన్నాడు. కాన్పు కష్టమైంది గానీ ఆడపిల్ల క్షేమంగా పుట్టింది. తల్లి మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. తాకితే ఏదో విరిగిపోతుందన్నట్టు చేతులు దుప్పటి కింద దాచేసుకుంది. తొందరపెట్టొద్దంది డాక్టరమ్మ. ఆయమ్మే చెంచాతో పాలు పట్టేది. తాగాక పాప ఎవరికోసమో తల తిప్పేది.

"రేపు ఇంటికి పంపేస్తే ఈ పిల్లని ఎవరు ఎత్తుకుంటారండీ?" అంటూ అత్తయ్య ముద్ద దిగక కూర్చుంది. ఆ రోజు మామయ్య రికార్డు పెట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆయమ్మ పాపని భుజాన వేసుకుని ఆ మంచం పక్కనే తిరుగుతూ పాడటం మొదలెట్టింది. ముక్కుతో పాడే ఎడారి జోల, కొండ దిగుతున్నట్టుండే ఇంకో జోల, మాటల్లేని నీటిచప్పుడులాంటిది మరొకటి. దుప్పటి కదల్లేదు. చివరికి పడవవాడి పాట ఎత్తుకుంది.

రెండో చరణానికి గోడవైపు నుంచి వెక్కిళ్లలాంటి చప్పుడు. ఏడుస్తోందనుకుని ఆయమ్మ ఠక్కున ఆపేసింది. ఆ అమ్మాయి ఇటు తిరిగింది. నవ్వుతోంది! కాదు కాదని తలూపుతూ లేచి కూర్చుంది. బుగ్గలు పూరించి, లేని తాడుని రెండు చేతులా బలంగా లాగింది. ఆమె వెనక మగవాళ్ల వరసంతా నిలబడి పడవని ఒడ్డుకి ఈడుస్తున్నట్టే అనిపించింది.

ఆయమ్మకి వెలిగింది. "నా బుద్ధి మండా! ఇన్నేళ్లూ పసిగుడ్ల చేత పడవలు లాగించానా!"

మాట అర్థం కాకపోయినా ఆ మొహం చూసి అమ్మాయి ఇంకా నవ్వింది. ఆ నవ్వుకి పాప ఉలిక్కిపడి కేరుమంది. తాడు లాగిన చేతులు అలాగే ముందుకి సాగాయి. ఆయమ్మ పాపని వాటిలో పెట్టి, తన చేతుల్ని కాసేపు వాటి కిందే ఉంచింది. తర్వాత మెల్లగా తీసేసింది.

అమ్మాయి పాడింది. లోగొంతుతో, ఒకే స్వరం చుట్టూ తిరుగుతూ, ఊపిరి తగిలేంత దగ్గరగా. ఆ తీరంలో అమ్మలు పాడే పాట.

"ఆయమ్మా!" అని ఎవరో పిలిచారు.

"వస్తున్నా తల్లీ," అంది గానీ కదల్లేదు. పాట అయిపోయాక, మళ్లీ ఒక్కసారి అన్నట్టు గాల్లో వేలు తిప్పింది. పాప నిద్రపోయి చాలాసేపైంది. అయినా ఆ అమ్మాయి మళ్లీ అందుకుంది, ఈసారి ఆయమ్మ పెదవులు చూస్తూ, మాట మాట విడదీసి.